గోస్తనీ తీరాన మన భీమునిపట్నం





ఆలయ జీర్ణోద్ధరణ, పునఃప్రతిష్ఠా మహోత్సవ సందర్భమున వెలువడుతున్న ఈ సంచికలో స్వామివారి వైభవము, ఉత్సవ క్రమము, దాతల నామావళి మీకు ఇతర పుటలలో లభిస్తాయి. నన్ను మాత్రం మన ఊరి చరిత్ర వ్రాయవలసినదిగా సంచిక నిర్వాహకులు కోరారు. నేను చరిత్రకారుడను కాను. బాల్యమున వేదపాఠశాలలో గురుముఖతః కొంత అధ్యయనం చేసి, నాలుగు దశాబ్దాలుగా భగవంతుని సన్నిధిలో దీపం వెలిగించుకుంటున్న అర్చకుడను. అయినను ఊరి చరిత్రకు, అర్చకునకు ఒక సంబంధం కలదు. ఊరి పేరును ప్రతిదినం దేవుని ఎదుట ఉచ్చరించేవాడు అర్చకుడే కదా.

సంకల్పంలోని ఊరు

మీరు ఎన్నడైనా పూజలో కూర్చున్నపుడు అర్చకుడు చెప్పే సంకల్పాన్ని శ్రద్ధగా విన్నారా? అందులో మొదట కాలం, పిమ్మట దేశం వస్తాయి. జంబూద్వీపం, భరతవర్షం, మేరువుకు దక్షిణ దిక్కు, శ్రీశైలానికి ఈశాన్య భాగం, గంగా గోదావరుల నడిమి ప్రదేశం – ఇట్లు విశాలమైన భూగోళం నుండి ఒక్కొక్క మెట్టు దిగుతూ, చివరకు ఒక నదీతీరానికి, ఒక ఊరికి, ఆ ఊరిలోని ఒక గుడికి లేక ఇంటికి చేరుకుంటాము. ఈ మెట్లన్నీ దిగిన తరువాతనే యజమాని గోత్రనామాలు చెబుతాము. మనిషి ఎవరో తెలియాలంటే ముందు అతడు ఎక్కడ నిలిచి ఉన్నాడో తెలియాలని పెద్దల ఉద్దేశం.

కొంతకాలం క్రితం విదేశంలో స్థిరపడిన మన ఊరి భక్తుడొకరు తమ కుటుంబం పేరిట అభిషేకం చేయించడానికి ఫోను చేశారు. గోత్రనామాలు చెప్పిన పిదప, "పంతులుగారూ, మన ఊరు విశాఖలో కలిసిపోయింది కదా! ఇకమీద సంకల్పంలో విశాఖపట్నం అనే చెప్పండి. మా పిల్లలకు కూడా ఆ పేరే తెలుసు" అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. ఆ క్షణాన నాకు సమాధానం తోచలేదు. ఆనాడు అభిషేకం చేస్తూ ఊరి పేరు వచ్చే చోట ఒక్క లిప్తకాలం నా నోరు ఆగింది. నాలుగు దశాబ్దాలలో అట్లు ఆగడం అదే ప్రథమం. ఈ వ్యాసం ఆయనకు నేను ఇవ్వవలసి ఉన్న సమాధానం. మీరందరూ కూడా చిత్తగించండి.

నది – కొండ – సముద్రం

మన ఊరికి మూడు సాక్షులు కలవు. మొదటి సాక్షి గోస్తనీ నది. అనంతగిరి కొండలలో, బొర్రా గుహల ప్రాంతమున ఈ నది పుట్టింది. ఆ గుహలలో సున్నపురాయి కరిగి జారి, ఆవు పొదుగు ఆకృతిలో గడ్డకట్టి, దాని నుండి నీరు బొట్లు బొట్లుగా రాలుతూ ఉంటుంది. మేత మేస్తున్న ఆవు ఒకటి కొండ మీది కంతలోనుండి గుహలో పడగా, దానిని వెదుకుచూ వెళ్ళిన కాపరి ఆ గుహను కనుగొన్నాడని గిరిజనులు చెప్పుకుంటారు. గోవు స్తనము నుండి స్రవించినది కనుక గోస్తని. కొండలు దిగి, తాటిపూడి వద్ద జలాశయమై నిలిచి, పొలాలను తడిపి, మన ఊరి అంచున సముద్రంలో కలుస్తుంది. మహానగరమైన విశాఖ దాహం తీర్చే నీటిలో తాటిపూడి నీరు కూడా ఒక భాగం. నగరంలోని మన బంధువులు కొళాయి తిప్పినపుడు ఈ ఆవుపాలలో కొంత వారికి కూడా దక్కుతున్నదని గుర్తుంచుకోవాలి.

రెండవ సాక్షి కొండ. లక్ష్మీనరసింహస్వామి వెలసిన కొండ కనుక నరసింహస్వామి కొండ అంటాము. పావురాళ్ళకొండ అన్న పేరు కూడా ఉన్నది. రెండు వేల సంవత్సరాలకు పూర్వమే ఆ కొండపై బౌద్ధ భిక్షువులు నివసించారు. వారు వాన నీటిని నిలువ చేసుకొనడానికి రాతిలో తొలిచిన తొట్లు నేటికీ కనిపిస్తాయి. ఇటు బావికొండ, తొట్లకొండలలో 1980, 90 దశకాలలో జరిగిన తవ్వకాలలో విహారాలు, స్తూపాలు బయటపడ్డాయి. ఇవన్నీ సముద్రానికి ఎదురుగా ఉన్న కొండలే. ఓడల మీద వచ్చే వర్తకులకు దూరం నుండే కనిపించే చోట ఆ భిక్షువులు ఆవాసం ఏర్పరచుకున్నారు. వేదమార్గాన పోయే మాకు వారి మార్గం వేరు. అయినను ఎండాకాలం కోసం వానాకాలంలోనే నీరు దాచిన వారి విజ్ఞతకు నమస్కరించక తప్పదు.

మూడవ సాక్షి సముద్రం. దానికి తోడుగా ఎర్రమట్టి దిబ్బలు. భీమిలి నుండి విశాఖకు పోయే తీరపు దారిలో ఉన్న ఈ దిబ్బలను గాలి, వాన, సముద్రపు హెచ్చుతగ్గులు కలసి వేల సంవత్సరాలుగా మలచాయి. ఇటువంటి ఎర్ర ఇసుక మేటలు తమిళనాడు, శ్రీలంక తీరాలలో తప్ప దక్షిణాసియాలో అరుదు. 2014లో వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో కూడా చేర్చారు. మన పెద్దలు పశువులను తోలుకొనిపోయిన దిబ్బలు ప్రపంచం చూడదగిన సంపద అని తెలుసుకొనడానికి మనకు ఇంతకాలం పట్టింది.

భీముని పేరు

పాండవ మధ్యముడైన భీమసేనుడు బకాసురుని వధించిన పిదప ఇచ్చట నరసింహస్వామిని ప్రతిష్ఠించాడని, ఆయన పేరిట ఇది భీమునిపట్నమైనదని ప్రతీతి. భీమేశ్వరుడు కొలువుదీరిన ఊరు కనుక ఆ పేరు వచ్చినదని భావించేవారు కూడా కలరు. పురాణ విశ్వాసాన్ని చరిత్ర తక్కెడలో తూచే పని నేను చేయను. అయితే భీమేశ్వరునితో పాటు ఇచ్చట చోళేశ్వరుడు కూడా ఉన్నాడన్న సంగతి మీరు గమనించాలి. ఆ పేరులోనే ఒక చరిత్ర కలదు. చోళరాజైన కులోత్తుంగుని కాలంలో ఈ తీరమంతా చోళుల ప్రాబల్యంలోకి వచ్చింది. సింహాచల దేవాలయంలోని అతి ప్రాచీన శాసనం ఆ ప్రభువు కాలానిదే, క్రీ.శ. 1098-99 నాటిది. విశాఖకు కులోత్తుంగచోళపట్టణమన్న పేరు ఉండెడిదని శాసనం చెబుతున్నది. రాజులు గతించారు. ఈశ్వరుని పేరులో వారి పేరు మిగిలింది.

చుట్టుప్రక్కల ఊళ్ళ పేర్లను కూడా ఒకసారి పలికి చూడండి. చిట్టివలస, తగరపువలస, సంగివలస – వలస వచ్చినవారు కట్టుకున్న ఊళ్ళు. చేపలుప్పాడ, కాపులుప్పాడ – ఒకటి సముద్రాన్ని, ఒకటి నేలను నమ్ముకున్నవారివి. మంగమారిపేట, నాగమయ్యపాలెం – ఒక పెద్దనో ఒక తల్లినో తలచుకొని నిలిచినవి. శాసనాలు వ్రాయించుకోగల స్తోమత లేని సామాన్యులు తమ చరిత్రను ఊరి పేరులోనే దాచుకున్నారు.

వలందుల కాలం

హాలండు దేశీయులను మన పూర్వులు వలందులు అన్నారు. బందరులో వలందపాలెం ఆ పేరుతోనే నేటికీ ఉన్నది. పదిహేడవ శతాబ్దంలో వలందుల ఈస్టిండియా కంపెనీ మన తీరాన వర్తక స్థావరం ఏర్పరచింది. మన ప్రాంతపు నేత వస్త్రాలు, ధాన్యం ఓడలకెక్కి పరదేశాలకు పోయేవి. నూలు వడికిన ముసలమ్మ, మగ్గం మీద కూర్చున్న నేతగాడు, బట్టను ఉతికి ఎండవేసిన చాకలి, మూటను మోసిన కూలి, అలలపై పడవ నడిపిన జాలరి – ఇందరి చెమట ఆ వర్తకంలో ఉన్నది. 1754లో ఉత్తర సర్కారులపై విరుచుకుపడిన మరాఠా సైన్యం వలందుల స్థావరాన్ని కొల్లగొట్టింది. 1781లో ఆంగ్లేయులు దానిని పట్టుకొని, యుద్ధం ముగిసిన తరువాత తిరిగి ఇచ్చారు. 1795లో మరల ఆక్రమించారు. ఎక్కడో ఐరోపాలో రెండు దేశాలకు వైరం వస్తే ఇచ్చట మన ఊరి పైన జెండా మారింది. చివరకు 1824లో ఉభయులకు కుదిరిన ఒడంబడిక ప్రకారం 1825లో ఊరు ఆంగ్లేయుల వశమైంది.

వలందుల సమాధులు మన ఊరిలో నేటికీ ఉన్నవి. శిఖరాల వలె పైకి లేచిన కట్టడాలు, వాటిపై పదిహేడవ శతాబ్దపు సంవత్సరాలు. చిన్నతనంలో మేము ఆ ప్రక్కకు పోయేవారము కాము. మైల అని పెద్దలు వారించేవారు. మధ్య వయస్సులో ఒకనాడు, చరిత్ర తెలిసిన మాష్టారొకరు నన్ను గోడ వెలుపల నిలబెట్టి వివరించారు. సముద్రమార్గాన నెలల తరబడి ప్రయాణించి, మన వేడిమికి, మన జ్వరాలకు తాళలేక ఇచ్చటనే మట్టిలో కలిసినవారు వారు. వారు లాభం కోసం వచ్చారు, నిజమే. కాని మృత్యువు అందరినీ ఒక్క తీరుగానే చూస్తుంది. మహాలయ పక్షంలో మనము చివరగా ఒక ఉదకం విడుస్తాము. తల్లి లేనివారు, తండ్రి లేనివారు, బంధువు లేనివారు, గోత్రం తెలియనివారు ఎవరున్నారో వారందరూ తృప్తి చెందాలని దాని భావం. ఆ సంవత్సరం నుండి ఆ ఉదకం విడిచేటప్పుడు నాకు ఆ సమాధులు తలపునకు వస్తాయి. శాస్త్రం నాకు ముందే నేర్పిన దయను అర్థం చేసుకొనడానికి నాకు అంతకాలం పట్టింది.

పద్మనాభ యుద్ధం

మన ఊరికి, విజయనగరానికి నడుమ పద్మనాభ క్షేత్రం ఉన్నది. కొండపై అనంతపద్మనాభస్వామి. ఆ కొండ దిగువన 1794 జూలై 10వ తేదీన విజయనగర ప్రభువు చిన విజయరామ గజపతిరాజు ఆంగ్లేయ సైన్యంతో తలపడి వీరమరణం చెందారు. కంపెనీవారు కోరిన పేష్కస్సు బకాయి కలహానికి మూలం. మచిలీపట్నం వెళ్ళి నివసించమని వారు ఆజ్ఞాపించగా, రాజు ఆ ఆజ్ఞను పాటించక పద్మనాభంలో విడిది చేశారు. కర్నల్ ప్రెండర్‌గాస్ట్ నాయకత్వంలో కంపెనీ సేన వచ్చింది. యుద్ధం ఒక్క ఉదయంలో ముగిసింది. రాజుతో పాటు ఆయనను నమ్మిన వీరులెందరో ఆ నేలపైననే ఒరిగారు. పరాజయం తెలిసియు పరువు కోసం నిలిచిన ఘట్టం కనుక ఉత్తరాంధ్ర ప్రజలు దానిని మరువలేదు.

రేవు వెలిగిన కాలం

పందొమ్మిదవ శతాబ్దం మన ఊరికి ఐశ్వర్యకాలం. ఊరికి ఎదురుగా సముద్రంలో ఓడలు లంగరు వేసేవి. ఒడ్డు వరకు వచ్చే లోతు లేదు. చెక్కలను నారతాళ్ళతో కుట్టిన మసూలా పడవలపై సరకు ఓడకు చేరేది. మేకు వేసి బిగించిన పడవ అయితే ఆ కెరటాల దెబ్బకు పగిలిపోతుంది. కుట్టిన పడవ వంగుతుంది, నిలుస్తుంది. నువ్వులు, వెర్రినువ్వులు, బెల్లం, నీలిమందు, కరక్కాయలు, నార – ఉత్తరాంధ్ర పొలాలలోను, కొండలలోను పండినదంతా బండ్లపై మన రేవుకు చేరేది. గోగునారను ప్రపంచ వాణిజ్యంలో 'బిమ్లిపటం జనుము' అన్న పేరుతో కొనేవారు. ఇంటి పెరటిలో గోంగూరకు చుట్టమైన ఆ మొక్క మన ఊరి పేరును సముద్రాలు దాటించింది. నేటికీ వ్యవసాయ శాస్త్ర గ్రంథాలలో ఆ పేరు ఉన్నది.

1861లో ఇచ్చట పురపాలక సంఘం ఏర్పడింది. దేశంలోని తొలి పురపాలక సంఘాలలో ఇది ఒకటి అన్నది మన ఊరివారి గర్వం. వీధి దీపాలు, వీధుల శుభ్రత, మంచినీరు అనే మాటలు పెక్కు పట్టణాలకు తెలియని కాలంలోనే మన పెద్దలు కూర్చొని వాటిని గురించి చర్చించారు. ఆ శతాబ్దంలోనే దీపస్తంభం వెలిసింది. 1864లో సెయింట్ పీటర్స్ చర్చి వెలిసింది. గంటస్తంభం ఊరికి మరియొక గుర్తు.

ఆ రేవు నుండియే మన ప్రాంతపు పేదలు బర్మా వెళ్ళారు. రంగూను రేవులలో, ధాన్యపు మిల్లులలో కూలి చేసి, కూడబెట్టి పంపిన రూపాయలతో ఎన్నో కుటుంబాలు నిలిచాయి. 1942లో జపాను సైన్యం బర్మాను ఆక్రమించినపుడు అడవులు, కొండలు దాటి నడిచివచ్చినవారున్నారు, రానివారున్నారు. నా చిన్నతనంలో మా వీధిలో ఒక అవ్వ ప్రతి అమావాస్యనాడు సముద్రం వైపు తిరిగి దండం పెట్టేది. దేవుడెక్కడ అవ్వా అని అడిగితే, "దేవుడికి కాదు నాయనా, రంగమెళ్ళినోళ్ళకి" అనేది. రంగమంటే రంగూనని నాకు చాలాకాలం తెలియదు, రంగనాథుని శ్రీరంగమనుకున్నాను. నేడు విదేశాలనుండి ఈ ఆలయానికి విరాళాలు పంపుతున్న మీరు మన ఊరి నుండి సముద్రం దాటిన మొదటివారు కారు. కూలివారు ముందుగా దాటారు.

రేవు మౌనం వహించినది

ఏ సంపదయైనను ఒక దారిని నమ్ముకొని వస్తుంది. ఆ దారి మారితే సంపద కూడా మారుతుంది. 1893 నాటికి తూర్పు తీరపు రైలుమార్గం మన ప్రాంతానికి వచ్చింది, కాని మన ఊరిని తాకక విజయనగరం మీదుగా పోయింది. బండ్లు ఇటు రావడం తగ్గి స్టేషన్ల వైపు మళ్ళాయి. 1933లో విశాఖ హార్బరు ప్రారంభమై, పెద్ద ఓడలు ఒడ్డునే ఆగగలిగిన తరువాత, నడిసంద్రంలో లంగరు వేసి పడవల కోసం వేచి ఉండే రేవుతో ఎవరికి పని? ఎవరూ మన ఊరిని శపించలేదు. లోతు లేని తీరం, రైలు లేని ఊరు – ఈ రెండే కారణాలు. గోదాములు ఖాళీ అయ్యాయి.

రేవు పోయినను నార పని కొంతకాలం మిగిలింది. గోస్తనీ ఒడ్డున చిట్టివలస జూట్ మిల్లు వేలమందికి అన్నం పెట్టింది. మిల్లు కూతతో వంటలు మొదలయ్యేవి, మిల్లు కూతతో పిల్లలు బడికి బయలుదేరేవారు. 2009లో అది లాకౌటైనది. అప్పటి నుండి కొంతకాలం నేను గుడిలో ఒక మార్పు గమనించాను. శనివారం సాయంకాలం కొబ్బరికాయ కొట్టించుకొనేవారు తగ్గారు, అర్చన చేయించకుండా మౌనంగా ఒక మూల కూర్చొనిపోయేవారు పెరిగారు. దేవుడు లెక్క అడగడు. కాని అర్చకునకు కనిపిస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరాన్ని తాకినపుడు చెట్లు నేలకొరిగాయి, జాలరుల పడవలు, వలలు చెదిరిపోయాయి. ఆ మరునాడు దీపారాధనకు నూనె లేదు. తమ ఇంటి పైకప్పు లేచిపోయిన ఒక తల్లి గిన్నెడు నూనె తెచ్చి గడపలో పెట్టి, పేరు చెప్పకయే వెళ్ళింది. ఈ సంచికలోని దాతల జాబితాలో ఆమె పేరు లేదు. నాకు తెలియదు కనుక వ్రాయించలేకపోయాను.

ఊరి స్వభావం

మన ఊరి స్వభావం ఏమిటని అడిగితే నేను మూడు మాటలు చెబుతాను. మొదటిది ఓర్పు. సముద్రం ఇచ్చిననాడు తిని, ఇవ్వనినాడు వల బాగుచేసుకొనే ఓర్పు మత్స్యకారులది. వారు పడవ నీటిలోకి దింపే ముందు గంగమ్మకు పసుపు కుంకుమ పెట్టనిదే కదలరు. రెండవది సహవాసం. కొండపై నరసింహుడు, ఆ కొండపైననే బౌద్ధుల తొట్లు, క్రింద భీమేశ్వరుడు, చోళేశ్వరుడు, చర్చి, వలందుల సమాధులు – ఇన్ని ఒక గంట నడకలో చూడగల ఊళ్ళు ఎన్ని ఉన్నవి? మూడవది తొందర లేకపోవడం. నగరం నుండి వచ్చినవారు దీనిని సోమరితనమంటారు. ఆటుపోట్లను చూసి పడవ దింపేవారికి ఘడియ ముందు వెనుకలు తెలుసు. తొందరపడితే పడవ బోల్తా పడుతుంది.

మంచినే చెప్పి లోపాన్ని దాచడం అర్చకునకు తగదు. పాతదాని విలువ తెలియకపోవడం మన ఊరి లోపం. ఇందులో ముందు నా తప్పు చెప్పుకుంటాను. నేను అర్చకత్వం స్వీకరించిన తొలి సంవత్సరాలలో మన మండపపు గోడలో ఒక రాతిపై ఏవో గీతలు ఉండేవి. అక్షరాలేమో అన్న అనుమానం నాకు ఉండెడిది. అయినను ప్రతి ఉత్సవానికి ముందు నేనే దగ్గర నిలబడి ఆ రాతికి సున్నం వేయించాను. గుడి తెల్లగా కనబడాలన్నదే నా కోరిక. ఈ జీర్ణోద్ధరణలో పొరలన్నీ తీయగా, తెలిసినవారు వచ్చి చూచి, అక్షరాలే అన్నారు. కాని గోకుడుకు, సున్నానికి అరిగి ఒక్క పదం కూడా చదువ వీలుకాలేదు. ఎవరు ఏమి దానం చేశారో, ఏ దీపం ఎంతకాలం వెలగాలని కోరారో, ఇక తెలియదు. ఒక దాత పేరును నేను నా చేతులతో చెరిపాను. ఇప్పుడు నూతన శిలాఫలకంపై మీ పేర్లు చెక్కుతున్నపుడు నాకు ఆ రాయి గుర్తుకు వస్తున్నది. దానిని ఈసారి సున్నం తగలని చోట నిలబెట్టించాము. చదువలేకపోయినను నమస్కరించవచ్చును.

కళాకర్షణ

జీర్ణోద్ధరణ విధిలో ఒక ముఖ్యమైన ఘట్టం కలదు. పాత కట్టడాన్ని కదిలించే ముందు మూలమూర్తిలోని కళను మంత్రపూర్వకంగా కలశంలోనికి ఆవాహన చేస్తాము. దీనిని కళాకర్షణ అంటారు. ఆ కలశాన్ని బాలాలయంలో ఉంచి, నిత్యపూజ ఒక్కనాడైనను లోపించకుండా చూచుకుంటాము. పని పూర్తి అయిన పిమ్మట ఆ కళను మరల మూర్తిలోనికి చేరుస్తాము. ఈ విధి జరుపక గోడలు కూల్చి కొత్తవి కడితే, ఎంత అందంగా కట్టినను అది కట్టడమే, గుడి కాదు.

మన ఊరికి కూడా ఇప్పుడు ఒక జీర్ణోద్ధరణ జరుగుతున్నది. పురపాలక సంఘం మహానగరంలో విలీనమైనది. 2021లో జరిగిన నగరపాలక ఎన్నికలలో మనము నగర వార్డులవారిగా ఓటు వేశాము. తీరం వెంబడి రహదారి విస్తరించినది. ఉత్తరాన భోగాపురంలో విమానాశ్రయానికి 2023లో శంకుస్థాపన జరిగింది. పొలాలు స్థలాలుగాను, స్థలాలు మేడలుగాను మారుతున్నవి. దీనిని నేను తప్పుపట్టను. కట్టడం జీర్ణించినపుడు బాగుచేయమని శాస్త్రమే చెబుతున్నది. మన పిల్లలకు పని కావాలి, వైద్యం కావాలి, మంచి దారి కావాలి. నా సందేహం ఒక్కటే. గోడలు కదిలించే ముందు ఊరి కళను ఎవరు కలశంలో భద్రపరచారు?

ఆ కలశం మనమే కావాలి. మీ ఇంటిలో పాత దస్తావేజు ఉంటే పారవేయకండి, అందులో ఇప్పుడు లేని చెరువుల పేర్లు, తోటల పేర్లు ఉంటాయి. వృద్ధులు ఉంటే రేవు సంగతులు, మిల్లు సంగతులు అడిగి వ్రాసిపెట్టండి. కొత్త వీధికి పేరు పెట్టే అవకాశం వస్తే పాత పేరును ముందు తలచుకోండి. దూరదేశాల నుండి కుంభాభిషేకానికి వచ్చే భక్తులు దర్శనం చేసుకొని వెంటనే కారెక్కక, పిల్లల చేయి పట్టుకొని ఒక పూట నడవండి. నది సముద్రంలో కలిసే చోటు చూపండి. కొండ ఎక్కించండి. సమాధుల వద్ద ఒక్క నిమిషం నిలవండి. మీ పూర్వులు ఏ ఒడ్డున పడవ ఎక్కారో చెప్పండి.

ఇక ఆ భక్తునకు నా సమాధానం. బాబూ, సంకల్పంలో పెద్దది చిన్నదానిని మ్రింగదు. జంబూద్వీపం చెప్పినంత మాత్రాన భరతవర్షం పోలేదు. భరతవర్షం చెప్పినంత మాత్రాన గోస్తని పోలేదు. ప్రతి పెద్ద పేరు తరువాత ఒక చిన్న పేరుకు చోటు ఉంచిన మహానుభావులు మన ఋషులు. కనుక మీ కోరిక కాదనను. విశాఖ మహానగరమని చెబుతాను. ఆ తరువాత ఆగకుండా గోస్తనీ తీరమని, భీమునిపట్నమని కూడా చెబుతాను. మీ పిల్లలు ఆ రెండవ పేరు ఏమిటని అడిగితే ఈ వ్యాసం చదివి వినిపించండి.

ఈ మహత్కార్యంలో ద్రవ్యంతోను, శ్రమతోను, ఒక గిన్నెడు నూనెతోను పాలుపంచుకున్న పేరు తెలిసిన, తెలియని దాతలందరికీ స్వామివారు ఆయురారోగ్య ఐశ్వర్యాలు ప్రసాదించాలని ప్రార్థిస్తూ, నా వ్రాతలో దోషములున్న మన్నింపగోరుతూ,

భగవత్సేవకుడు,
ఆలయ అర్చకుడు

స్వస్తి